రాత్రి రెండు గంటలకు ఎవరికి ఫోన్ చేయాలి?

ప్రతిసారీ షుగరు గురించి, బీపీ గురించి, పిల్లల టీకాల గురించి రాస్తుంటాము. ఈసారి ఒక లిస్టు గురించి రాస్తున్నాను. లిస్టుకూ ఆరోగ్యానికీ ఏమి సంబంధం అని పేజీ తిప్పేయకండి.

చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో జరిగిన సంగతి ఇది. దాని పేరు అక్కరలేదు. రాత్రి రెండు గంటల వేళ కాన్పయిన తల్లికి రక్తస్రావం ఆగలేదు. వెంటనే రక్తం ఎక్కించాలి. దానికి ముందు ఆమె రక్తమూ సీసాలోని రక్తమూ ఒకదానికొకటి సరిపడతాయో లేదో ల్యాబులో చూడాలి. నర్సు గోడ మీద అంటించిన లిస్టు చూసి ల్యాబ్ టెక్నీషియన్‌కు ఫోన్ చేసింది. అవతల మైదుకూరు దగ్గరి పల్లెలో ఎవరో రైతు. నిద్రమత్తులో "ఎవురు కావాల్నమ్మా? ఆయప్ప ఎవురో నాకు తెల్దు" అని పెట్టేశాడు. ఆ టెక్నీషియన్ కువైట్ వెళ్లిపోయి అప్పటికే నెలలు గడిచాయి. ఆయన వదిలేసిన నంబరును కంపెనీవాళ్లు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆయన స్థానంలో వచ్చిన అబ్బాయి క్వార్టర్స్‌లోనే, రెండు వందల గజాల దూరంలో పడుకొని ఉన్నాడు. అతని నంబరు గోడ మీద లేదు, జీతాల గుమాస్తా బీరువాలో ఉంది. బీరువాకు తాళం. చివరికి వాచ్‌మన్ టార్చి పట్టుకొని పరుగెత్తి తలుపు కొట్టాడు. అప్పటికి ఇరవై నిమిషాలు పోయాయి.

దేవుని కృప వల్ల తల్లీబిడ్డలు ఇద్దరూ బతికారు. కానీ అలాంటి రక్తస్రావంలో ఇరవై నిమిషాలంటే ఏమిటో ప్రసూతి వార్డులో పనిచేసిన ఏ సిస్టరును అడిగినా చెబుతారు. ఆ రాత్రి డాక్టరుది తప్పు కాదు, నర్సుది కాదు, మందులకు కొరత లేదు. తప్పు ఒక కాగితానిది.

ఇప్పుడు మన ఆసుపత్రిలో సిబ్బంది పేర్లు, గదులు, ఫోన్లు, డ్యూటీలు అన్నీ లోపలి కంప్యూటర్లలో ఒకేచోట పెట్టే పని నడుస్తోంది. ఓపీలో కూర్చున్నప్పుడు వైర్లు లాగుతున్నవారిని మీరు చూసే ఉంటారు. "ఈ డబ్బులతో ఇంకో నాలుగు మంచాలు వేయొచ్చు గదా సార్?" అని సంఘ పెద్ద ఒకరు నన్నడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగానే ఇదంతా రాస్తున్నాను.

మంచి లిస్టు లేని ఆసుపత్రులు ఇన్నాళ్లూ ఎలా నడిచాయి? చాలావరకు ఒక మనిషి జ్ఞాపకం మీద నడిచాయి. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లుగా కూర్చున్న ఒక అన్న ఉంటాడు. ఏ డాక్టరు ఏ ఇంట్లో భోజనానికి వెళ్లారో, ఏ సిస్టరు సెలవు మీద నంద్యాల వెళ్లిందో, ఆక్సిజన్ గది తాళం ఎవరి నడుముకు ఉందో ఆయనకు తెలుసు. ఆయన ఉన్నంత కాలం ఏ కంప్యూటరూ అక్కరలేదు. ఆయనకు జ్వరమొస్తే?

సరిగ్గా ఈ ప్రశ్నే 1879లో ఒక డాక్టరుకు వచ్చింది. అమెరికాలో లోవెల్ అనే ఊరు. అప్పటికి టెలిఫోన్లు కొత్త. వాటికి నంబర్లు లేవు. ఫోన్ ఎత్తి పేరు చెబితే ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఆపరేటరు గుర్తుపెట్టుకొని తీగ కలిపేవాడు. అంతకు ముందు ఏడాది, 1878లో, న్యూ హేవెన్ పట్టణంలో వేసిన మొట్టమొదటి టెలిఫోను డైరెక్టరీ కూడా ఒక్క అట్టముక్కే. దానిలో యాభై పేర్లు ఉన్నాయి గానీ ఒక్క నంబరూ లేదు. లోవెల్‌లో ఆ రోజుల్లో తట్టు ప్రబలింది. డాక్టర్ మోజెస్ గ్రీలీ పార్కర్ ఆలోచించాడు: ఊళ్లో రెండు వందలకు పైగా ఫోన్లున్నాయి, ఏ తీగ ఎవరిదో తెలిసిన ఆపరేటర్లు నలుగురే, నలుగురూ తట్టుతో మంచం పడితే ఊరంతా మూగబోతుంది. అందుకని ప్రతి ఫోనుకూ ఒక నంబరు ఇవ్వమన్నాడు. అలా చేస్తే కొత్తవాడు కూడా ఆ రోజే పని అందుకోవచ్చు. మనం వాడే ఫోన్ నంబర్లు అలా ఒక రోగభయంలో నుండి, ఒక వైద్యుని తలపులో నుండి వచ్చాయంటే ఎక్స్ఛేంజి అన్న నమ్మలేదు.

కంప్యూటర్ల కథ కూడా ఇలాంటిదే. ఈరోజు లోకమంతా వాడే వెబ్ 1989లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన ప్రతిపాదనతో మొదలైంది. ఆయన అప్పుడు జెనీవా దగ్గర సెర్న్ అనే పెద్ద భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థలో పనిచేస్తున్నాడు. రాబర్ట్ కయ్యో అనే సహోద్యోగి ఆయనకు తోడయ్యాడు. మొదట్లో అక్కడి శాస్త్రవేత్తలు ఈ వెబ్‌ను పెద్దగా పట్టించుకోలేదు. వారిని దాని దగ్గరకు తెచ్చింది సంస్థ టెలిఫోను పుస్తకం. వేలమంది పనిచేసే ఆ చోట ఒకరి నంబరు కావాలంటే పెద్ద కంప్యూటరులోకి పాస్‌వర్డుతో వెళ్లి వెతకాల్సి వచ్చేది. ఆ పుస్తకాన్ని వెబ్‌లో పెట్టగానే పని సులువైంది, జనం అలవాటు పడ్డారు. అంటే వెబ్ మొట్టమొదట చేసిన పనికొచ్చే పని సిబ్బంది లిస్టు చూపించడమే. సినిమాలు, వార్తలు అన్నీ ఆ తర్వాత వచ్చినవే.

మన దగ్గర పెడుతున్నది కాంపౌండు గోడ లోపలి వరకే. దీన్ని ఇంట్రానెట్ అంటారు. ఓపీ కౌంటరు, వార్డులు, ల్యాబు, ఫార్మసీ, ఆఫీసు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. బయటివారికి కనబడవు. ఇందులో ఉండే డేటాబేసు అన్న మాటకు భయపడనక్కరలేదు. సంఘ సభ్యత్వ రిజిస్టరు మీకు తెలుసు. ఒక కుటుంబం ఆదోని నుండి ప్రొద్దుటూరుకు మారితే పాస్టరుగారు రిజిస్టరులో ఒక్కచోట దిద్దుతారు. అదే రిజిస్టరును సండే స్కూల్ టీచరు ఒక నోటుబుక్కులో, కోశాధికారి ఇంకొక బుక్కులో, స్త్రీల సమాజం మరొక బుక్కులో ఎక్కించుకున్నారనుకోండి. ఏడాది తిరిగేసరికి నాలుగూ నాలుగు రకాలుగా ఉంటాయి. ఆసుపత్రుల్లో ఇన్నాళ్లూ అదే జరిగింది. డేటాబేసులో ఒక సంగతి ఒక్కచోటే ఉంటుంది, అందరూ అక్కడే చూస్తారు.

ఇంకొక సదుపాయం ఉంది. మనుషులు ఒక పట్టికలో, డ్యూటీలు ఇంకొక పట్టికలో ఉంటాయి. రెండింటికీ ముడి వేస్తారు. రాత్రి రెండు గంటలకు నర్సుకు కావలసింది ఒక పేరు కాదు, 'ఈ రాత్రి ల్యాబు ఎవరు?' అన్నదానికి జవాబు. ఎవరు మానేసినా, ఎవరు సెలవు పెట్టినా ఆ ప్రశ్నకు జవాబు ఖాళీగా ఉండకూడదు. ఖాళీగా ఉంటే సాయంత్రం ఆరు గంటలకే తెర మీద ఎర్రగా కనబడాలని అడిగాము.

పేర్ల దగ్గర మాత్రం బాగా చిక్కుపడ్డాము. మనలో చాలామందికి బడి రికార్డులో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు ఇంకొకటి, వార్డులో పిలిచే పేరు మూడవది. మేరీలు, సునీతలు లెక్కకు మించి ఉన్నారు. ఇంటిపేరు కొందరు ముందు రాస్తారు, కొందరు పొడి అక్షరంగా చివర పెడతారు. ఇంగ్లీషులో లక్ష్మి అన్న పేరును కె, ఎస్, హెచ్ పెట్టి రాసేవారున్నారు, ఒక్క ఎక్స్‌తో సరిపెట్టేవారున్నారు. పేరు ఎలా రాసినా పలుకుబడిని బట్టి వెతికే పద్ధతి ఒకటి 1918లోనే అమెరికాలో పేటెంటు పొందింది. సౌండెక్స్ అంటారు. కానీ అది ఇంగ్లీషు పేర్ల కోసం చేసింది, మన సుబ్బరాయుళ్లు దానికి కొత్త. అందుకని మేము 'పిలిచే పేరు' అని ఒక గడి కలిపాము. అసలు రోగుల తరఫువారు అడిగేది వేరే. "మా పాపకు ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఉందా?" "ఏ డాక్టరమ్మ?" "అదే సార్, కండ్లద్దాలు పెట్టుకుంటాది, నగుతా మాట్లాడతాది." దీనికి ఏ గడీ చాలదు. ఎక్స్ఛేంజి అన్న ఒక్కడే చెప్పగలడు.

భాషలకు ఒక గడి పెట్టాము. కర్నూలు, కడప పట్టణాల నుండి ఉర్దూ తప్ప మరొకటి సరిగా రాని పెద్దవాళ్లు వస్తుంటారు. ఆదోని వైపు నుండి కన్నడం మాట్లాడేవారు వస్తారు. ఛాతీలో నొప్పి ఎలా ఉందో సొంత భాషలో చెప్పుకోగలిగితే సగం వైద్యం అయినట్టే. ఇష్టపడి పేరిచ్చిన సిబ్బందికి మాత్రం రక్తం గ్రూపు, చివరిసారి రక్తమిచ్చిన తేదీ కూడా ఉంటాయి. ఒకసారి ఇచ్చిన మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. తేదీ లేకుండా గ్రూపు ఒక్కటే రాసుకుంటే ఓ నెగటివ్ ఉన్న ఒక్కరినే మాటిమాటికీ లేపుతారు.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం మనలో చాలామంది చదవకుండా దాటేస్తాము, అన్నీ పేర్లే గనుక. యెరూషలేము గోడలో ఏ భాగం ఎవరు బాగుచేశారో అక్కడ వరుసగా ఉంది. పెంట గుమ్మము బాగుచేసినవాని పేరు కూడా వదలలేదు. నేను చూసిన ఆసుపత్రి లిస్టుల్లో డాక్టర్లు ముందు, ఆఫీసువారు తర్వాత, ఆపైన లిస్టు అయిపోతుంది. జనరేటరు వేసేవారు, సిలిండరు మార్చేవారు, ఆయాలు, స్వీపర్లు, మార్చురీ తాళం ఉన్నవారు అందులో ఉండరు. కరెంటు పోయిన రాత్రి మొదట కావలసింది వీరే. మన లిస్టులో అందరూ ఉండాలని పట్టుబట్టాను. ఒకరిద్దరితో మాటామాటా వచ్చింది కూడా.

ఏమి పెట్టకూడదు అన్నదానికీ అంతే పట్టుబట్టాలి. ఇంటి చిరునామాలు, సిస్టర్ల సొంత సెల్ నంబర్లు అందరికీ కనబడకూడదు. వార్డు గోడ మీది కాగితంలో నంబరు చూసి రాత్రిళ్లు ఫోన్ చేసి వేధించే మనుషులున్నారు. అందుకని లోపలి నంబరు, గది, డ్యూటీ అందరికీ కనబడతాయి. సొంత నంబరు ఎక్స్ఛేంజికీ సూపరింటెండెంటుకూ మాత్రమే. మనిషి సమాచారాన్ని చెప్పిన పనికే వాడాలని 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెబుతోంది. కొందరు మిత్రులు దయచేసి సిస్టరు నంబరు కోసం కౌంటరులో ఒత్తిడి చేయకండి. ఇవ్వనందుకు నొచ్చుకోకండి.

ఇంతా చేసి ఆరు నెలలకు దిద్దడం మానేస్తే గోడ కాగితానికీ దీనికీ తేడా ఉండదు. తెర మీద కనబడింది గనుక నిజమే అనుకొని ఇంకా మోసపోతాము. ఉద్యోగం మానేసేవారు నో డ్యూస్ కాగితం మీద మెస్సు, స్టోర్సు, లైబ్రరీల సంతకాలు తెచ్చుకుంటారు గదా, దానికి డైరెక్టరీ సంతకం ఒకటి చేర్చాము. అది లేనిదే చివరి జీతం రాదు. చేరేవారికి పేరు ఎక్కిన తర్వాతే గుర్తింపు కార్డు. 2000ల్లో సిమ్ మార్చినప్పుడల్లా నంబరు మారేది. 2011లో దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చాక ఆ బాధ తగ్గింది, పూర్తిగా పోలేదు. చిన్న సంగతి ఒకటి: 2021 జనవరి 15 నుండి ల్యాండ్‌లైన్ నుండి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. పాత లిస్టుల్లో ఆ సున్నా లేదు. తొందరలో అదే గుర్తురాదు.

కాగితం మాత్రం ఉండి తీరాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి నీళ్లు కర్నూలును ముంచెత్తిన రోజు మనలో చాలామందికి ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. మనది కరువు సీమే, అయినా నీళ్లు వచ్చినప్పుడు అలా వస్తాయి. అప్పుడు కరెంటు ఉండదు, కింది అంతస్తులో పెట్టిన కంప్యూటరు ఉండదు. అందుకని లిస్టు ఉన్న పెద్ద కంప్యూటరును మేడ మీద పెట్టాము. ప్రతి సోమవారం ఉదయం డ్యూటీ లిస్టు అచ్చు తీసి, పైన తేదీ వేసి, ప్రతి వార్డులో నర్సు బల్ల సొరుగులో పెడతారు. పాతది చింపేసిన తర్వాతే కొత్తది ఇస్తారు.

ఇక మీ వంతు. ఇంటి దగ్గర ప్రాణాపాయమైతే మా నంబరు వెతకకండి, 108కి చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఆ సేవ ఇప్పటికీ ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేసినప్పుడు డాక్టరుగారి పేరు కాకుండా విభాగం చెప్పండి: కాన్పుల వార్డు, పిల్లల వార్డు, కాజువాల్టీ. ఆ తర్వాత మీ చీటీ మీది ఓపీ నంబరు చెప్పండి. మీరడిగిన డాక్టరు సెలవులో ఉన్నా ఆ గంటకు డ్యూటీలో ఉన్నవారి దగ్గరకు ఫోన్ వెళుతుంది.

గది మారిపోయిన బోర్డు గాని, ఎవరూ ఎత్తని నంబరు గాని మీ కంటబడితే ఓపీ కౌంటరులో ఎర్ర అట్ట నోటుబుక్కు పెట్టించాము, అందులో రాయండి. రాయడం రానివారు చెప్పినా చాలు, కౌంటరులో ఉన్నవారు రాస్తారు. మొదటి వారంలో వచ్చిన తప్పులు పదకొండు. అందులో ఒకటి నా గది నంబరు.