మీకు తెలుసా? లింకు పోయినా ఆధారం నిలవాలి

థీసిస్ చివర ఆధారాల జాబితాలో వెబ్ చిరునామా అతికించేసి పని అయిపోయిందనుకుంటాం. చదివేవాళ్లు దాన్ని నొక్కినప్పుడు పేజీ తెరుచుకోకపోతే, మనం చెప్పిన మాటకు రుజువు లేనట్టే.

● అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఇచ్చిన వెబ్ లింకుల్లో దాదాపు సగం మొదటి సమాచారాన్ని చూపించడం లేదని హార్వర్డ్ లా స్కూలుకు చెందిన పరిశోధకులు 2014లో వెల్లడించారు. తీర్పులకే ఈ గతి పడితే, సెమినార్ పత్రాల సంగతి చెప్పాలా?

● 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందుబాటులో లేకుండా పోయాయని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో లెక్కతేల్చింది.

● పరిశోధన పత్రికలోని వ్యాసానికి ఉండే డీఓఐ (డిజిటల్ ఆబ్జెక్ట్ ఐడెంటిఫయర్) ఆ వ్యాసానికి ఆధార్ నంబరు లాంటిది. ఏ డీఓఐ అయినా 10తోనే మొదలవుతుంది. పత్రిక చేతులు మారి వెబ్‌సైటు మారినా, ప్రచురణకర్తలు కొత్త చిరునామా నమోదు చేస్తే చాలు, పాత నంబరే పాఠకుణ్ణి అక్కడికి చేరుస్తుంది. డీఓఐ ఉంటే మామూలు లింకు బదులు అదే రాయండి.

● ఉస్మానియా, ఆంధ్రా విశ్వవిద్యాలయాల థీసిస్‌లు ఎన్నో ‘శోధగంగ’ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో దొరుకుతాయి. అక్కడ ప్రతి థీసిస్‌కూ 10603తో మొదలయ్యే ‘హ్యాండిల్’ అనే శాశ్వత గుర్తింపు ఉంటుంది. బ్రౌజర్ పైపట్టీలో కనిపించే చిరునామా కాకుండా ఆ హ్యాండిల్‌నే తీసుకోవాలి.

● వికీపీడియా వ్యాసం ఈరోజు ఉన్నట్టు రేపు ఉండకపోవచ్చు. కానీ ప్రతి మార్పుకు ముందున్న కూర్పూ భద్రంగా ఉంటుంది, దానికి విడిగా శాశ్వత లింకూ ఉంటుంది. మీరు చదివిన కూర్పు లింకే ఇవ్వండి. అంతకన్నా మేలు, ఆ వ్యాసం కింద చూపిన మూల రచనను వెతికి, స్వయంగా చదివి, దాన్నే ఉటంకించడం.

● ‘చూసిన తేదీ’ అన్నిటికీ అక్కర్లేదు. 2019లో వచ్చిన ఏపీఏ ఉటంకింపు పద్ధతి ఏడో కూర్పు ప్రకారం, ఎప్పటికప్పుడు మారిపోయే పేజీలకే అది రాయాలి. మీ విభాగం ఏ పద్ధతి పాటిస్తోందో గైడ్‌ను ముందే అడగండి.

● ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి ‘వేబ్యాక్ మెషీన్’ 2001 నుంచి అందరికీ ఉచితం. పేజీ చిరునామా ఇచ్చి భద్రపరచమంటే, ఆనాటి ప్రతిని తేదీతో సహా దాచి కొత్త లింకు ఇస్తుంది.

అందుకే ఆధారం దొరికిన రోజునే రచయిత పేరు, శీర్షిక, ప్రచురణ తేదీ, శాశ్వత లింకు రాసిపెట్టుకోండి. సమర్పించే ముందు ప్రతి లింకునూ ఒకసారి నొక్కి చూడండి. మన మాటను సరిచూసుకునే హక్కు పాఠకుడిది, ఆ వీలు కల్పించడం మన బాధ్యత.