పుష్కరాల నాటి చలికాలం

హైదరాబాదు, బెంగళూరు వంటి మహానగరాలలో యీ మధ్య పెద్దల కోసమే అపార్టుమెంట్లు కట్టుతున్నారు. స్నానాలగదిలో పట్టుకొనేందుకు కమ్మీ, మంచం పక్కన పిలుపు గంట, కింద అందరికీ కలిపి ఒకటే వంటశాల. చూచి వచ్చినవారు చెప్పగా విని, మా కంప్లిలో కొందరు "అటువంటిది మన వూళ్ళో యెప్పటికి వచ్చేను!" అని నిట్టూర్చడం కద్దు. మేము మాత్రం అది యేనాడో వచ్చినదనే అంటాము. లిఫ్టు లేదు, గంట లేదు, అంతే భేదం.

మా వీధినే చూడండి. గోడకు గోడ ఆనించి కట్టిన యిళ్ళు యిరవై రెండు. వీరిలో కొందరు రాయలనాటి నుంచీ యిక్కడివారమని చెప్పుకొనేవారు. కొందరు తుంగభద్ర డ్యాము కట్టి 1953లో కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత, సేద్యం కోసం కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చినవారి సంతానం. అట్లా వచ్చినవారు గంగావతి, సింధనూరు వైపు కట్టుకొన్న వూళ్ళను నేటికీ 'క్యాంపులు' అనే పిలుస్తారు గదా! అదే 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు చేరగా, అప్పటి మా హొసపేట తాలూకా మైసూరులో కలిసింది. పిల్లలు కన్నడంలో చదివారు, యింట్లో తెలుగు మాట్లాడారు, వుద్యోగాలకు బెంగళూరు, హైదరాబాదు, ఆపైన అమెరికా పోయినారు. యిప్పుడు వీధిలో మిగిలినవారిలో అరవై దాటినవారే యెక్కువ. కొన్ని యిళ్ళలో యిద్దరు, కొన్నింటిలో ఒక్కరే. యిక యిది పెద్దల అపార్టుమెంటు కాక మరేమిటి?

యీ వీధి 2020-21 చలికాలాన్ని యెట్లా గడిపిందో చెప్పాలని చాలా రోజులుగా అనుకొంటున్నాము.

కరోనాతో మన దేశంలో మొట్టమొదట మరణించినది కలబురగికి చెందిన 76 యేళ్ళ వృద్ధుడు. 2020 మార్చి 10వ తేదీ. అది మాకు పొరుగూరు కాకపోయినా మా కల్యాణ కర్ణాటక ప్రాంతమే. కాబట్టి యీ జబ్బు ముసలివారి కోసమే వచ్చినదన్న మాట మా వీధిలో మొదటి రోజునే నాటుకొన్నది. 65 యేళ్ళు దాటినవారు గడప దాటరాదన్నారు. 1918 నాటి యిన్‌ఫ్లుయెంజా సంగతి వేరు. అది చేతికందివచ్చిన కొడుకులను, బాలింతలను యెక్కువగా యెత్తుకుపోయింది. 1921 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద జనం తగ్గిపోయినారంటే దానికి ముఖ్య కారణం అదే. అంతకు ముందటి ప్లేగు మరొక రకం. యింట్లో యెలుకలు రాలితే చాలు, వూరంతా యిళ్ళు విడిచి చేలలో గుడిసెలు వేసుకొనేది. అవ్వలను బండ్లలో కూర్చోబెట్టుకొని పోయేవారట. అప్పుడు యింటికి భయపడి మనుషులంతా ఒకచోట చేరితే, యిప్పుడు మనుషులకు భయపడి యెవరి యింట్లో వారు దాక్కొన్నారు. వెనుకటి కథలు విన్న ముసలివారికి యీ తీరు బొత్తిగా మింగుడుపడలేదు.

అసలు మా పెద్దల జీవితమంతా అరుగు మీదనే. మేము అరుగు అనేదాన్ని మా కన్నడ యిరుగుపొరుగువారు 'కట్టె' అంటారు. ముచ్చట్లాడుకొనే చోటు 'హరటె కట్టె'. మన తెలుగులో కట్టె అంటే చేతికర్ర. ముసలితనంలో ఆ కట్టే కావాలి, యీ కట్టే కావాలి అని మా వీధిలో ఒక పాత పరిహాసం. కట్టెలకు తెలుగులో మూడో ప్రయోజనం కూడా వుంది గాని, ఆ యేడాది దాన్ని యెవరూ నోట పలకలేదు.

సెప్టెంబరులో రోగం వుధృతంగా సాగి, దీపావళి నాటికి నెమ్మదించింది. వయసులో వున్నవారు మెల్లగా బయట పడ్డారు. పెండ్లిళ్ళు మొదలైనవి, వరికోతలు మొదలైనవి. హంపి వుత్సవం ఒక్క రోజుతో సరిపెట్టినా జరిగిందనిపించారు. లోపల మిగిలిపోయినది పెద్దలే. యింటి నుంచే ఆఫీసు పని చేయవచ్చునని చాలామంది కొడుకులు, కోడళ్ళు పట్నాల నుంచి వచ్చి వున్నారు కూడా. అందరూ వచ్చినారని మొదట సంబరపడ్డారు. తీరా చూస్తే కొడుకు మేడ మీద తలుపు వేసుకొని కంప్యూటరుతో మాట్లాడుతుంటాడు. రాత్రి పదింటికి గాని దిగడు. మా వీధిలో పదవీ విరమణ చేసిన హైస్కూలు అయ్యవారు ఒకరు వున్నారు. పత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. ఆ నవంబరులో పత్రిక మానిపించేశారు. యేమండీ అని అడిగితే, "చదివినది యెవరితో చెప్పవలెను?" అన్నారు. ఆ తరువాత భోజనం కూడా తగ్గించారు. డాక్టరు వచ్చి చూస్తే రక్తపోటు, చక్కెర అన్నీ సరిగానే వున్నాయి.

అదే నెలలో మరొకటి జరిగింది. ఒంటరిగా వుండే ఒక అవ్వ వాకిట్లో ఆ రోజు ముగ్గు పడలేదు. మామూలు రోజుల్లో అయితే అరగంటలో యెవరో కేక వేసేవారు. ఆ రోజు పదింటికి గాని యెవరి కంటా పడలేదు. తలుపు తట్టి, వెనక గోడ దూకి చూస్తే పెరట్లో నీళ్ళతొట్టి దగ్గర జారిపడి వుంది. తెల్లవారుజామున పడిందట. చలికి వణుకుతూ నాలుగు గంటలు అట్లాగే వుంది. కాలు చీలమండ విరిగింది గాని ప్రాణానికి ముప్పు రాలేదు. "జబ్బు రాకూడదని తలుపులు వేసుకొంటిరి, నేను చస్తే యెవరికి తెలిసేది అప్పా?" అని ఆ అవ్వ అడిగిన మాటకు వీధిలో యెవరి దగ్గరా జవాబు లేదు.

ఆ సాయంత్రమే మా వీధి ఆడవారు ఒక కట్టుబాటు చేసినారు. ఉదయం యేడింటికల్లా ప్రతి వాకిట్లో ముగ్గు వుండి తీరాలి. వంగలేనివారు సుద్దముక్కతో ఒక గీత గీచినా చాలు. ఒంటరి మగవారు గడప పక్కన చెంబు పెట్టాలి. ముగ్గు గాని, గీత గాని, చెంబు గాని లేకపోతే తలుపు తట్టాలి. తలుపు తీయకపోతే గోడ దూకాలి. యిదంతా రాసిపెట్టే పని మాకు అప్పగించారు. గుమాస్తా వుద్యోగం కదా, గళ్ళు గీయడం మాకు చేతనైన విద్య! ఆఫీసు హాజరు పట్టీ వలెనే ఒక నోటుబుక్కులో యింటి నంబరు, ముగ్గు, మాత్రలు, పిల్లల ఫోను నంబరు అని గళ్ళు గీచాము. అమెరికాలో కొన్ని పెద్దల అపార్టుమెంట్లలో రాత్రి పడుకొనేముందు తలుపు పిడికి ఒక అట్ట తగిలించి, తెల్లవారి లేచి దానిని తీస్తారట. తీయకపోతే పక్క వాటావారు వచ్చి చూస్తారు. టెక్సాసులో వుండే మా వీధి అమ్మాయి ఫోనులో యీ సంగతి చెప్పినప్పుడు, ముగ్గు వేసే ఆడవారు తామేదో అమెరికావారికి నేర్పినట్టు మురిసిపోయినారు.

నవంబరు మాసమంటే పెన్షనుదారులకు లైఫ్ సర్టిఫికెట్ మాసం కూడా. బతికి వున్నామని రుజువు చూపితేనే మరుసటి యేడు పెన్షను. బ్యాంకు ముందు వరుసలో నిలబడమని యెవరిని పంపగలం? ప్రభుత్వం గడువును 2021 ఫిబ్రవరి 28 దాకా పొడిగించింది. ఆ నవంబరులోనే పోస్టాఫీసువారు డెబ్బై రూపాయలకు యింటి వద్దనే వేలిముద్ర తీసుకొనే యేర్పాటు కూడా చేసినారు. పోస్టుమ్యాన్ చిన్న యంత్రంతో మా వీధికి వచ్చినాడు. అయితే యేళ్ళ తరబడి పని చేసి అరిగిన వేళ్ళు గదా, యంత్రానికి గుర్తు దొరకదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్ళీ బొటనవేలు. ఒక తాతకు ఆరోసారీ కుదరకపోతే ఆయన, "యేమప్పా, నేను బతికుండేది నీకు తెలుసు, నాకు తెలుసు, యీ డబ్బీకి తెల్దంటనా?" అన్నాడు. వీధి వీధంతా అరుగుల మీద నుంచి నవ్వింది. యెనిమిది నెలల తరువాత మా వీధిలో వినబడిన మొదటి నవ్వు అదేనేమో.

యిక పుష్కరాలు. గురుడు మకర రాశిలో ప్రవేశించగా 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 వరకు తుంగభద్రా పుష్కరాలు వచ్చినవి. గంగకో గోదావరికో పోలేనివారికి కూడా మా వూరివారికి యిది సొంత నది. సైకిలు మీద పోయివచ్చే దూరం. వెనుకటి పుష్కరం 2008 డిసెంబరులో, రాబోయేది 2032లో. డెబ్బై అయిదు దాటినవారికి ఆ లెక్క యెవరూ వేసి చెప్పనక్కరలేదు. కర్నూలులో ముఖ్యమంత్రి పుష్కరాలు ప్రారంభించినారు గాని, ఆంధ్ర ప్రభుత్వం నదిలో మునిగి స్నానం చేయడాన్ని నిషేధించింది. తెలంగాణలో అలంపురం ప్రాంతపు ఘాట్లలో స్నానాలకు అనుమతించినా, 65 యేళ్ళు దాటినవారు, పదేళ్ళ లోపు పిల్లలు, గర్భిణులు రావద్దన్నారు. యీ వార్తలు టీవీలో చూచి మా యిళ్ళలో కొడుకులు ఖచ్చితంగా చెప్పేశారు. "నాన్నా, యీసారికి వద్దు." యీసారి కాకపోతే మరి యేసారి?

వారం రోజుల పాటు ప్రతి యింట్లో యిదే తగవు. కొడుకుల మాట న్యాయమే. పెద్దల కోరికా న్యాయమే. తల్లిదండ్రులకు, పోయిన భర్తకు పుష్కర పిండం పెట్టడం ఒక వేడుక కాదు, తీర్చవలసిన బాకీ అని వారి లెక్క. చివరకు కుర్రవాళ్ళే దారి చూపినారు. మీరు నది దగ్గరకు పోవద్దు, నదినే తెస్తామన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి మా వీధి మొగలో ఆటో నడిపే ముస్లిం అబ్బాయి బండిలో పదహారు బిందెలు పెట్టుకొని పోయి, నింపుకొని వచ్చినారు. ఆ పిల్లవాడు పెట్రోలుకు కూడా డబ్బు పుచ్చుకోలేదు. "మా నాన్నమ్మ కూడా యీ అరుగుల మీదనే కూర్చునేది గదా" అన్నాడు.

అక్కడ ఒక ధర్మసందేహం వచ్చిపడింది. నవంబరు చలిలో యెనభై యేళ్ళవారి నెత్తిన చన్నీళ్ళు పోస్తే కరోనాకు బదులు న్యుమోనియా వస్తుంది. నది నీళ్ళు కాచవచ్చునా? కాస్తే పుష్కరుడు వుంటాడా, పోతాడా? అరగంట వాదం జరిగింది. పురోహితులవారు యింటి వేన్నీళ్ళలో నది నీళ్ళు ఒక చెంబు కలిపితే చాలునని తీర్పు చెప్పి గండం తప్పించారు. అందరూ యెవరి అరుగు మీద వారు కూర్చున్నారు. ఆయన వీధి నడుమ నిలబడి మాస్కు లోపలి నుంచే గొంతెత్తి సంకల్పం చెప్పినారు. మాస్కు వల్ల సగం మాటలు వినబడలేదు. అయినా ఎవరి గోత్రాలు వారు గట్టిగా చెప్పుకొన్నారు. పత్రిక మానిన అయ్యవారు ఆ రోజు పురోహితులవారి సంస్కృతంలో ఒక తప్పు పట్టుకొన్నారు. మరునాటి నుంచి ఆయన యింటికి మళ్ళీ పత్రిక రావడం మొదలైంది.

ఒక్క అవ్వ మాత్రం యీ రాజీకి ఒప్పుకోలేదు. 84 యేళ్ళ మనిషి. మనమడిని లేపి, వాడి మోటారుసైకిలు వెనక కూర్చొని, యెవరికీ చెప్పకుండా నదికి పోయి మూడు మునకలు వేసి వచ్చింది. "మాస్కు కట్టుకొనే మునిగినాను లేండి" అని సమాధానం. ఆ రోజు ఆమె వాకిట్లో ముగ్గు లేదు. పట్టీలో ఆ గడిలో మేము 'పుష్కరం' అని రాసినాము.

ఆ తరువాతి రోజులు తొందరగానే గడిచినవి. డిసెంబరు 8న యింగ్లండులో మార్గరెట్ కీనన్ అనే 90 యేళ్ళ ఆమెకు టీకా వేసిన బొమ్మ టీవీలో వస్తే, మా అవ్వలు ఆమె చొక్కా మొదలు చేయి దాకా పరీక్షగా చూచి "మనకంటే గట్టిగానే వుంది" అన్నారు. డిసెంబరు 23న కర్ణాటక ప్రభుత్వం రాత్రి కర్ఫ్యూ ప్రకటించి, మరునాడే వుపసంహరించుకొన్నది. తొమ్మిదింటికే నిద్రపోయే మా వీధికి ఆ రెండు సంగతులూ పొద్దున పత్రికలో ఒకేసారి తెలిసినవి. ధనుర్మాసంలో ముగ్గులు పెద్దవైనవి. సంక్రాంతికి నువ్వులు బెల్లం పొట్లాలు కట్టి గడియలకు తగిలించినాము.

2021 మార్చి 1 నుంచి అరవై దాటినవారికి టీకాలు మొదలైనవి. పట్టీలో యింకొక గడి పెరిగింది. అందరికీ రెండో టీకా పడకముందే యేప్రిల్, మే నెలల రెండో అల వచ్చింది. మే నెలలో తోరణగల్లులో జిందాల్ వుక్కు కర్మాగారం పక్కన, అక్కడి ఆక్సిజన్నే గొట్టాల ద్వారా అందిస్తూ వెయ్యి పడకల తాత్కాలిక ఆస్పత్రి తెరిచారు. మా వీధి నుంచి యిద్దరు ఆస్పత్రుల పాలై తిరిగి వచ్చినారు. ముగ్గురు రాలేదు. వారిలో పుష్కరానికి మునిగి వచ్చిన అవ్వ లేదు. డబ్బీతో తగవు పడిన తాత వున్నాడు. చలికాలమంతా కాపాడుకొన్నవారు వేసవిలో పోయినారు. ఆయన గడిని కొట్టివేయడానికి మాకు చేయి రాలేదు. ఖాళీగా వదిలి, తరువాతి పేజీ నుంచి పేరు రాయడం మానినాము.

పట్టీ యిప్పుడు మూడో నోటుబుక్కులో నడుస్తున్నది. జబ్బు భయం పోయినా, జారిపడే తొట్లు యెక్కడివి అక్కడనే వున్నవి గదా! ఆదివారాలు మాకు బదులు పదో తరగతి చదివే ఒక అమ్మాయి చూస్తున్నది. గంగావతి వైపు రెండు క్యాంపులవారు నమూనా అడిగితే పంపినాము. కావలసినవారు మా సంఘం గదిలో చూడవచ్చును. ఉదయం యేడింటికి వస్తే మరీ మంచిది, పట్టీ రాసే వేళ అది.