నీళ్లలోనే ఉండి పువ్వు ఎందుకు వాడిపోతుంది?

గులాబీలు తెచ్చి వాజ్‌లో పెట్టారు, నీళ్లు నిండుగా పోశారు. రెండో రోజుకే పువ్వు మెడ వాల్చేసింది. ఎందుకు?

దాహంతో అండీ! కాడ కోయగానే తెగిన చోట గాలి లోపలికి దూరుతుంది. నీటిని పైకి తీసుకెళ్లే సన్నటి గొట్టాలకు అది అడ్డం పడుతుంది. దానికి తోడు నీళ్లలో మునిగిన ఆకులు కుళ్లి బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ జిగురు గొట్టాల్ని మూసేస్తుంది. పైన ఆకుల నుంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, కింద నుంచి మాత్రం రాదు.

అందుకే ఇంటికి తేగానే కాడ చివర ఒక అంగుళం, గిన్నెలో నీళ్ల కింద పెట్టి, పదునైన కత్తితో ఏటవాలుగా కోయండి. మొద్దు కత్తెరైతే గొట్టాలు నలిగిపోతాయి. మునిగే ఆకులు తీసేయండి.

ఇక చక్కెర. కోసిన పువ్వు కూడా శ్వాసిస్తుంది, దాచుకున్న ఆహారం ఖర్చవుతుంది, కాబట్టి చక్కెర పనిచేస్తుంది. కానీ ఒక్క చక్కెరే వేస్తే ముందు బాగుపడేది బ్యాక్టీరియా! లీటరు నీళ్లకి 20 గ్రాముల చక్కెర, రెండు చెంచాల నిమ్మరసం, బట్టలకు వాడే లిక్విడ్ బ్లీచ్ పావు టీస్పూను. నిమ్మరసం, బ్లీచ్ నేరుగా కలపొద్దు, విషవాయువు వస్తుంది. నిండు లీటరు నీళ్లలో విడివిడిగా వేయాలి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, కాడ చివర మళ్లీ కొంచెం కోయండి.

జెర్బెరా లెక్క వేరు. పాలీహౌస్ రైతుకి ఇది నేరుగా డబ్బు సంగతి: మెడలు వాలిన కట్టకి మార్కెట్లో రేటేం వస్తుంది చెప్పండి? పువ్వు మధ్య బొడ్డులో బయటి రెండు వరసలు విచ్చుకోకముందే తెంపితే కాడ గట్టిపడదు, వంగిపోతుంది. దీన్ని కోయరు, మొదట్లో పట్టుకుని పక్కకి వంచి లాగుతారు. ఆ మొదలు గట్టిగా ఉంటుంది, దాంట్లోంచి నీళ్లు సరిగ్గా ఎక్కవు. కాబట్టి 2-3 సెంటీమీటర్లు కోసేసి, వెంటనే శుభ్రమైన నీళ్లున్న బకెట్లో పెట్టాలి. బకెట్ తోటలోకే తీసుకెళ్లాలి, అదీ పొద్దున్నే. జెర్బెరా కాడకి నూగు ఉంటుంది, తొందరగా కుళ్లుతుంది. అందుకే వాజ్‌లో రెండు మూడు అంగుళాల నీళ్లు చాలు.

ఇంకోటి, పండే అరటిపళ్లు, మామిడిపళ్లు ఇథిలీన్ వాయువు వదులుతాయి. కార్నేషన్ పూలకి అది అస్సలు పడదు, త్వరగా ముడుచుకుపోతాయి. పళ్లబుట్ట పక్కన పూలు ఫొటోకి బాగుంటాయి, ఒప్పుకుంటా. ఫొటో అవగానే బుట్ట వేరే గదిలో పెట్టేయండి.