మాటలాడుకొను మోటారు వాహనములు

చీకటి వేళ మలుపు చాటున వచ్చు లారీ ఎదుటి వానికి కానరాదు. "నేనిచ్చట నున్నాను, ఇంత వేగమున వచ్చుచున్నాను" అని ఆ లారీయే ముందుగా తెలుపగలిగినచో ఎన్నియో ప్రాణములు దక్కును. తీగలు లేని రేడియో వార్తలతో వాహనములను కలుపు ఈ నూతన విధానమును గూర్చి గ్రామవాసులకు కొంత వివరింపదలచితిమి.

ఈ ఏర్పాటు గల ప్రతి వాహనమునందును చిన్న రేడియో పరికర ముండును. వాహనమున్న చోటు, వేగము, దిక్కు, బ్రేకు వేసినదీ లేనిదీ అను సంగతులను అది సెకనుకు 10 మారులు ప్రసారము చేయును. సుమారు 300 మీటర్ల మేర ఆ వార్త అందును. తానున్న చోటును ఉపగ్రహ సంకేతముల వలన గ్రహించును. వార్త నందుకొన్న వాహనము లెక్క గట్టి, ఢీకొను ప్రమాదమున్నచో డ్రైవరును హెచ్చరించును.

హెచ్చరిక ఆలస్యమైనచో నిష్ప్రయోజనము; ఊరకే మ్రోగుచున్నచో డ్రైవరు దానిని లెక్కచేయడు. కావుననే దీనిని నిజమైన రోడ్లపై పరీక్షింపవలసియున్నది. అమెరికాలోని ఆన్ ఆర్బర్ పట్టణమున 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయమువారు, ఆ దేశపు రవాణా శాఖ సాయముతో, దాదాపు 2,800 కార్లు, లారీలు, బస్సులలో ఈ పరికరముల నమర్చి పరిశీలించిరి. 2015లో అచ్చటనే 32 ఎకరముల స్థలమున వీధులు, కూడళ్లు, సిగ్నళ్లు గల నమూనా పట్టణమును నెలకొల్పిరి. ప్రాణహాని లేకుండ ప్రమాద పరిస్థితులను మరల మరల కల్పించి చూచుటకు ఇట్టి స్థలము అవసరము. కూడళ్ల యొద్ద, ఎదురు వాహనములను దాటి తిరుగునపుడు హెచ్చరించు రెండు ఏర్పాట్లే, అన్ని వాహనములలో నున్నచో, ఏటా 5,92,000 ప్రమాదముల వరకు నివారించి 1,083 ప్రాణములను కాపాడగలవని 2014లో ఆ దేశపు రహదారి భద్రతాధికారులు అంచనా వేసిరి.

అయినను చిక్కులు లేకపోలేదు. దొంగ వార్తలను పంపువారు ఉండవచ్చును. అందుకై ప్రతి వార్తకును రహస్య ముద్ర వేయుదురు. వాహనము జాడను ఎవరును వెంబడింపకుండ ఆ ముద్రలను తరచు మార్చుచుందురు. మరియు 1999లో అమెరికా ఈ పనికి కేటాయించిన 75 మెగాహెర్ట్జుల రేడియో తరంగములలో 45 మెగాహెర్ట్జులను 2020లో వైఫై మొదలగు ఉపయోగములకు మరలించిరి. మిగిలిన 30 మెగాహెర్ట్జులను సెల్ ఫోన్ల మార్గము ననుసరించు క్రొత్త పద్ధతికి కేటాయించిరి.

మనకు ముఖ్యమైన చిక్కు వేరొకటి. పరికరము లేనివాని ఉనికిని ఈ రేడియో తెలుపజాలదు. మన రోడ్లపై ఎడ్లబండ్లు, సైకిళ్లు, పశువులు, పాదచారులు కలసి నడచుచుందురు. కనుక పరదేశపు ఫలితములను యథాతథముగా గ్రహింపరాదు. మన పరిస్థితులలోనే పరీక్షలు జరుగవలెను. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణమున 2022 జూలైలో ప్రారంభమైన "తిహాన్" పరీక్షాక్షేత్రము ఇట్టి కృషికి తోడ్పడగలదు. అచ్చట డ్రైవరు లేకయే నడచు వాహనములను, డ్రోనులను పరీక్షించుటకు ఏర్పాట్లు కలవు.

ఈ సౌకర్యము మన గ్రామములకు చేరునంతవరకు బండి వెనుక ఎర్రని మెరుపు బిళ్ల, రాత్రివేళ దీపము, మలుపులో నిదానము పాటించుడని మా మనవి. బండి మాటలాడలేకున్నను, ఆ బిళ్ల వెనుక వచ్చువానికి దాని ఉనికిని తెలుపును.