అమ్మ తొడిగిన కోటు

చిన్నప్పట్నుంచీ చర్చికి వెళ్లిన కుర్రాడు. తన మతం పుట్టి పెరిగిన గడ్డ మీదికే చదువుకోడానికి వెళ్తున్నాననుకున్నాడు. తీరా వెళ్లాక ఆ ఇంట్లో తానొక చుట్టాన్నేనని తెలిసింది!

1950 జూన్. జపాన్‌లోని యొకొహామా రేవు. 'లా మార్సెయేజ్' అనే ఫ్రెంచి ఓడ బయల్దేరుతోంది. పై అంతస్తుల్లో డబ్బున్నవాళ్లు. కింద నాలుగో తరగతిలో ఇరవయ్యేడేళ్ల యువకుడు షుసాకు ఎండో. అదే ఓడలో యోజి ఇనోవే అని ఇంకొకతను. అతను మఠంలో చేరి సన్యాసి కావడానికి వెళ్తున్నాడు. ఎండో వెళ్లేది చదువు కోసం. లియాన్ నగరంలో ఫ్రెంచి సాహిత్యం, ముఖ్యంగా కాథలిక్ రచయితల నవలలు చదవాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్రాన్సుకు చదువుకెళ్లిన జపాన్ విద్యార్థుల్లో మొట్టమొదటి వరసవాళ్లు వీళ్లు.

యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే. జపాన్ ఇంకా అమెరికా సేనల అధీనంలోనే ఉంది. పరాయి దేశంలో ఏదైనా అయితే చెప్పుకోడానికి ఎంబసీ కూడా లేదు. పైగా యూరప్ కళ్లకి జపాన్ అంటే నిన్నటి శత్రువు. అయినా ఎండోకి ఒక ధైర్యం. తను కాథలిక్. వెళ్లేది కాథలిక్ దేశానికి. అప్పట్లో ప్రార్థనలు ప్రపంచమంతా లాటిన్‌లోనే. కోబెలో ఎక్కడ మోకరిల్లాలో లియాన్‌లోనూ అక్కడే మోకరిల్లాలి. ఇంకేం తేడా ఉంటుంది?

అమ్మ చెప్పింది... అంతే

అసలు ఆ మతం అతను ఎంచుకున్నది కాదు. 1923లో టోక్యోలో పుట్టాడు. బాల్యం మంచూరియాలోని దైరెన్‌లో గడిచింది. అమ్మానాన్నలు విడిపోయారు. అమ్మ పిల్లలిద్దర్నీ తీసుకుని కోబెకి, అక్క దగ్గరికి వచ్చేసింది. వయొలిన్ వాయించే ఆవిడ. ఒంటరితనంలో చర్చి ఆసరా అయింది. పిల్లలకీ జ్ఞానస్నానం చేయించింది. ఎండోకప్పుడు పదకొండు పన్నెండేళ్లు. 'నమ్ముతున్నావా?' అని ఫాదర్ అడిగితే, మిగతా పిల్లలు ఏమన్నారో అతనూ అదే అన్నాడు. 'నమ్ముతున్నాను.'

ఆ ఒక్క మాటా తర్వాత ఎంత బరువైందో! యుద్ధం రోజుల్లో క్రైస్తవం అంటే శత్రువుల మతం. ఎవరివాడివి నువ్వు, చక్రవర్తివాడివా, క్రీస్తువాడివా అన్నట్టుండేది చుట్టుపక్కల చూపు. అంటే సొంత దేశంలోనూ పరాయివాడే. అందుకే ఫ్రాన్స్ అంటే ఆశ. అక్కడైనా అందరిలో ఒకడిగా ఉండొచ్చు కదా!

రువాన్‌లో ఒక వేసవి

ఓడ దాదాపు నెల రోజులు ప్రయాణించి మార్సెయ్ చేరింది. యూనివర్సిటీ తెరవడానికి ఇంకా సమయముంది. ఈలోగా రువాన్ పట్టణంలో ఒక కాథలిక్ కుటుంబం ఇంట్లో ఉన్నాడు. జోన్ ఆఫ్ ఆర్క్‌ని 1431లో సజీవంగా దహనం చేసిన ఊరది. 1944 బాంబు దాడుల్లో అక్కడి కెథెడ్రల్ బాగా దెబ్బతింది.

ఆ వేసవి అనుభవాలే పదిహేనేళ్ల తర్వాత, 1965లో, 'విదేశీ చదువు' అన్న పుస్తకంలో కథ అయ్యాయి. అందులో కుడో అనే జపాన్ విద్యార్థి ఇలాగే రువాన్‌లో ఒకరింట్లో ఉంటాడు. ఇంటావిడ చనిపోయిన తన కొడుకు గదిని అతనికిస్తుంది. కొడుకు పేరు పెట్టే పిలుస్తుంది. 'పాల్' అని. (మన వెంకటేశ్వర్లు అమెరికాలో దిగగానే 'వెంకీ' అయిపోయినట్టే అనుకోవద్దు. అది నోరు తిరగక వచ్చిన పేరు. ఇది ప్రేమతో వచ్చింది. కాదనడం కష్టం.) చర్చివాళ్లంతా మంచివాళ్లే. అన్నం పెడతారు. జపాన్‌లో మన మతం ఎలా వర్ధిల్లుతోందో చెప్పమంటారు. వాళ్లేం వినాలనుకుంటున్నారో కుడోకి తెలుసు. అదే చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ లోపల ఏదో ముడుచుకుపోతుంది.

ఎవరైనా తిడితే తిరిగి తిట్టొచ్చు. ఆదరించేవాళ్లతో 'నేను మీరనుకునే మనిషిని కాదు' అని ఎలా చెప్పడం? చదువుకోడానికి వెళ్లి ఎవరింట్లోనైనా ఉన్నవాళ్లకి ఈ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు.

రాళ్లూ... పొగమంచూ

తర్వాత లియాన్. క్రీస్తుపూర్వం 43లో రోమన్లు కట్టిన ఊరు. రోన్, సోన్ అనే రెండు నదులు కలిసేచోటు. సోన్ ఒడ్డున పాత పట్టణం. ఎత్తయిన రాతి ఇళ్లు, ఇరుకు వీధులు. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికెళ్తే, చీకటి నడవలోంచి, పెరట్లోంచి ఇంకో వీధిలో తేలతాం. వీటిని 'ట్రబూల్' అంటారు. అక్కడి పట్టు నేతగాళ్లు వాన తడవకుండా బట్ట తానులు మోసుకెళ్లడానికి పనికొచ్చిన దారులివి. యుద్ధకాలంలో నాజీల నుంచి తప్పించుకోడానికీ పనికొచ్చాయి.

పట్టు అంటే ఇంకో ముచ్చట. 19వ శతాబ్దం మధ్యలో యూరప్ పట్టుపురుగులకి తెగులు సోకింది. అప్పుడు లియాన్ మగ్గాల్ని ఆదుకున్నది జపాన్ నుంచి ఓడల్లో వచ్చిన గుడ్లూ, పట్టూ. అవి బయల్దేరిన రేవు... ఎండో ఓడెక్కిన యొకొహామానే! 1959లో ఈ రెండూ సోదర నగరాలయ్యాయి కూడా. సరుకుకి దొరికినంత తేలిగ్గా మనిషికి చోటు దొరకలేదు మరి.

తలెత్తితే ఫూర్వియేర్ కొండ. దానిమీద తెల్లటి బసిలికా. నదికి మరో వైపు క్రువారూస్ గుట్ట. దాని వాలులో రోమన్ల ఆంఫీథియేటర్ శిథిలాలు. క్రీ.శ. 177లో బ్లాండినా అనే బానిస పిల్లనీ, ఇంకా ఎందరో క్రైస్తవుల్నీ చంపిన నగరం ఇదే. ఏటా డిసెంబరు 8న ఇళ్ల కిటికీల్లో దీపాలు వరసగా పెడతారు. 1852 నుంచీ వస్తున్న ఆచారం. చూస్తే మన కార్తీకమాసమే గుర్తొస్తుంది.

ఇన్ని ఉన్న ఊళ్లో ఓ కాథలిక్ విద్యార్థి పరవశించిపోవాలి కదా? ఎండోకి ఊపిరాడలేదు. శీతాకాలమంతా నదుల మీంచి లేచే పొగమంచు. చుట్టూ రాయి. కెథెడ్రల్ కట్టడం 12వ శతాబ్దంలో మొదలుపెట్టి 15వ శతాబ్దందాకా కడుతూనే ఉన్నారు. కొయ్య గోడలూ, కాగితం తలుపులూ ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవాడికి అవి ఒట్టి గోడలుగా కనిపించలేదు. తరతరాల నమ్మకం రాయిలా పేరుకుపోయినట్టు కనిపించింది. పక్కన మోకరిల్లిన ముసలమ్మకి అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. తనకో? అమ్మ ఇచ్చింది కాబట్టి ఉంది. ప్రార్థన మాటలు ఒకటే. వెనక వెయ్యేళ్లు మాత్రం తనవి కావు. వీధిలోకొస్తే ఒంటి రంగు సంగతి జనం చూపులే గుర్తుచేసేవి.

ఇంకో చేదు నిజం కూడా ఆ ఊళ్లోనే తెలిసింది. ఇన్ని చర్చిలున్న లియాన్‌లోనే గెస్టపో అధికారి క్లాస్ బార్బీ ఎందర్నో చిత్రహింసలు పెట్టాడు. జర్మన్లకి సాయపడిన స్థానికులూ ఉన్నారు. అదంతా ఎండో వెళ్లడానికి ఆరేళ్ల ముందటి మాట. ఆ గాయమే వస్తువుగా ఎండో 'తెల్లమనిషి' రాశాడు. 1955లో దానికి జపాన్‌లో పేరున్న అకుతాగవ బహుమతి వచ్చింది.

కొలత సరిపోక...

చదువు పూర్తికాలేదు. క్షయ పట్టుకుంది. ఆసుపత్రి పాలయ్యాడు. 1953 మొదట్లో ఓడెక్కి ఇంటికి తిరిగొచ్చేశాడు. అదే ఏడాది అమ్మ చనిపోయింది.

తన మతం గురించి ఎండో తర్వాత పదేపదే చెప్పిన పోలిక ఒకటుంది. అది అమ్మ తనకు తొడిగిన పాశ్చాత్య దుస్తులట. ఒకచోట వదులు, ఒకచోట బిగుతు. ఒంటికి పట్టదు. ఎన్నోసార్లు విప్పి పారేద్దామనుకున్నాడు. పారేస్తే తొడుక్కోడానికి ఇంకోటి లేదు. పైగా ఇచ్చింది అమ్మ. ఇక మిగిలింది ఒకటే దారి... విప్పదీసి తన కొలతకి, కిమోనోలా, మళ్లీ కుట్టుకోవడం.

ఆ కుట్టుపని నలభయ్యేళ్లు సాగింది. మధ్యలో క్షయ తిరగబెట్టి, ఆపరేషన్లతో ఒక ఊపిరితిత్తి పోయింది. ఆ తర్వాతే 1966లో 'మౌనం' వచ్చింది. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో హింసకి తట్టుకోలేక క్రీస్తు బొమ్మని కాలితో తొక్కిన ఫాదర్ కథ. దాన్ని 2016లో మార్టిన్ స్కొర్సెసె సినిమాగా తీశాడు. బలవంతుల్ని మెచ్చుకునే మతంలో బలహీనుడికి చోటుందా అన్నది ఎండో బాధ. జపాన్ కాథలిక్కుల్లోనే కొందరికి అది నచ్చలేదు. ఓడలో తోడొచ్చిన ఇనోవే మాత్రం ఫాదర్‌గా తిరిగొచ్చి, జపాన్ మనసుకి దగ్గరయ్యే క్రైస్తవం కోసమే తన దారిలో తనూ వెతికాడు.

చివరికి ఆ లియాన్ విద్యార్థి మన దగ్గరికే వచ్చాడు. 1993లో వెలువడిన 'లోతైన నది' నవలలో ఒత్సు అనే జపాన్ కుర్రాడు ఫాదర్ కావాలని లియాన్ వెళ్తాడు. దేవుడు అన్ని మతాల్లోనూ ఉన్నాడంటాడు. అక్కడి పెద్దలకి అది రుచించదు. ఎటూ ఇమడక, తిరిగి తిరిగి కాశీ చేరతాడు. దిక్కులేక వీధిలో పడున్నవాళ్లని, చనిపోతే వాళ్ల శవాల్ని, వీపుమీద మోసుకుని గంగ ఒడ్డుకి చేరుస్తుంటాడు. ధోవతి కట్టుకుని, మెడలో శిలువతో కాదు, భుజాన మనిషితో.

ఎండో 1996 సెప్టెంబరు 29న కన్నుమూశాడు. శవపేటికలో ఆయన పుస్తకాలు రెండే పెట్టారు. ఒకటి 'మౌనం'. రెండోది, కాశీలో ముగిసే ఆ లియాన్ విద్యార్థి కథ.