ఒక్క గింజ తేడా

ప్రతిపదార్థ మనగానే పద్యము క్రింద పదమునకు పదముగా వ్రాయు అర్థమే మన మనస్సునకు తోచును. ఇంటియొద్ద కావ్యములు చదువుకొన్న మావంటి వారికి ఆ యలవాటు ఇంకను పోలేదు. కాని భౌతికశాస్త్రజ్ఞులు ఈ మాటను వేఱొక యర్థమున వాడుచున్నారు. మట్టి, నీరు, బియ్యము, బంగారము, మన దేహము ఏ కణములతో నేర్పడినవో, వానితో సమానమైన బరువు గలిగి, విద్యుత్తు మాత్రము ఎదురుగా నుండు కణముల సముదాయమే వారి ప్రతిపదార్థము. మన ఎలక్ట్రానునకు ఋణవిద్యుత్తు. దాని జంటయగు పాజిట్రానునకు ధనవిద్యుత్తు. ఋణమేదో ధనమేదో యెఱిగిన గృహిణులకు ఈ లెక్క కష్టము గాదు.

ఈ రెండును తాకినచో రెండును రూపుమాయును. అప్పు సొమ్ముతో చెల్లిపోయినచో పద్దులో సున్న మిగులును. ఇచట మాత్రము సున్న మిగులదు; రెండింటి బరువును శక్తియై వెలువడును. ఒక గ్రాము ప్రతిపదార్థము ఒక గ్రాము పదార్థముతో కలిసినచో వచ్చు శక్తి మన యింటి మీటరు లెక్కలో సుమారు 5 కోట్ల యూనిట్లు. నెలకు 200 యూనిట్లు వాడుకొను ఇండ్లు ఇరువదివేలకు అది ఏడాదికాలము సరిపోవును.

దీనిని మొదట పట్టినది కన్ను గాదు, లెక్క. 1928లో ఇంగ్లండున డిరాకు పండితుడు ఎలక్ట్రాను నడవడిని తెలుపు సమీకరణము వ్రాయగా, దానికి అక్కఱకు మించిన జవాబులు వచ్చినవి. ఆయన వానిని కొట్టివేయలేదు. ఎలక్ట్రానునకు ఎదురుకణ మొకటి యుండవలెనని 1931లో చెప్పెను. మఱుసటి యేడే అమెరికాలో ఆండర్సను, ఆకాశమునుండి కురియు కిరణముల జాడలను ఫొటో తీయుచుండగా, ఎలక్ట్రానువలెనే యుండి అయస్కాంతముకడ ఎదురుదిక్కునకు వంగు జాడ కానవచ్చెను. ప్రోటానునకు జంటయగు ప్రతిప్రోటాను 1955లో దొరకెను.

ఇదంతయు మన పురాణములలో నున్నదే యని కొందఱు పెద్దలు సెలవిత్తురు. పురాణములను మూలముతో చదివినవారము గనుక చెప్పుచున్నాము: అందు లేదు. లేనందువలన వానికి వచ్చిన కొఱతయు లేదు.

ఇది ఎచటనో ప్రయోగశాలలలోనే యుండునని తలపవలదు. అరటిపండులోని పొటాషియమునుండి ఒకటి రెండు గంటల కొకటి చొప్పున పాజిట్రాను పుట్టి, ఆ క్షణముననే ఎలక్ట్రానును తాకి నశించును. పండు తినుటకు భయపడ నక్కఱలేదు. వైద్యులు పెట్ స్కాను అను పేర చేయు పరీక్షయు దీనిమీదనే నిలిచినది. మా పినతల్లిగారికి నిరుడు ఱొమ్ములో గడ్డ యేర్పడగా ఈ పరీక్ష చేసిరి. పాజిట్రానులను వెలువఱచు ఫ్లోరినును చక్కెరవంటి ద్రవ్యముతో చేర్చి నరములోని కెక్కింతురు. చక్కెరను ఆబగా తినుట పలురకముల పుండ్లకణములకు స్వభావము; కావున ఆ మందు అచట గుమిగూడును. పాజిట్రాను నశించు చోటినుండి రెండు కిరణములు ఎదురెదురుగా పాఱగా, చుట్టునున్న యంత్రము వానిని పట్టి, పుట్టిన చోటు గుర్తించును. ఆ రాత్రి మనుమరాలి నెత్తుకొనరాదని చెప్పగా, తనకేదో అంటువ్యాధి సోకినదని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. కారణము అంటువ్యాధి గాదు, ఆ కిరణములే. ఆ మందు ప్రతి 110 నిమిషములకు సగమగును. 12 గంటలకు నూటికి ఒక పాలే మిగులును. ఈ లెక్క చెప్పిన పిదప ఆమె నిదురపోయినది. పరీక్షకు పంపునపుడే ఎవరైన నీ నాలుగు మాటలు చెప్పియుండవలసినది.

ఇంత సులభముగా పుట్టునది లోకమున ఏల కానరాదు? శక్తి పదార్థముగా మాఱునపుడు కణమును ప్రతికణమును జంటగానే పుట్టును. సుమారు 1380 కోట్ల యేండ్ల క్రిందట విశ్వము మిక్కిలి వేడిగా నున్నపు డట్లే పుట్టినవి. అవి సరిసమానముగా నుండినచో ఒకదానినొకటి తుడిచివైచుకొని, వెలుగు తప్ప మఱేమియు మిగులకుండవలెను. దూరమున ప్రతిపదార్థపు లోకము లున్నవేమో యందురా? ఉన్నచో రెండింటి పొలిమేరలలో గామాకిరణములు పుట్టుచుండవలెను. అట్టి జాడ కనబడలేదు.

లెక్క యిట్లున్నది. నూఱుకోట్ల ప్రతికణములకు నూఱుకోట్లమీద సుమారొక్క కణము అధికముగా నుండెను. నూఱుకిలోల బస్తాలు రెండువందలు కుప్పపోసినచో సుమారు నూఱుకోట్ల గింజ లుండును. అట్టి కుప్పలు రెండింటిలో ఒకదానియందు ఒక్క గింజ యెక్కువ. రెండును దగ్ధమైన వెనుక ఆ ఒక్క గింజతో నక్షత్రములు, సముద్రములు, మనము. తక్కినదంతయు వెలుగైనది. ఆ వెలుగు చల్లారి, నేటికిని ప్రతి ఘనసెంటీమీటరు చోటున సుమారు 411 కణములుగా నిండియున్నది.

ఆ గింజ ఎక్కువ యేల? ప్రకృతి కుడియెడమలను సమదృష్టితో చూడదని 1957లో చైనాలో పుట్టిన వూ అను స్త్రీ అమెరికాలో కోబాల్టును మిక్కిలి చల్లబఱచి నిరూపించినది. ఊహించిన పురుషు లిద్దఱికి ఆ యేడే నోబెలు బహుమానము వచ్చెను. నిరూపించిన యామెకు రాలేదు. ఇది మాకు నేటికిని రుచింపదు. పిదప 1964లో క్రోనిను, ఫిచ్ అనువారు కేయానుల క్షయమున పదార్థ ప్రతిపదార్థముల నడుమ స్వల్పభేదము కలదని చూపిరి. అట్టి భేదము లేక ఆ గింజ మిగులదని 1967లో రష్యాదేశపు సఖరోవు వివరించెను. ప్రోటాను కుటుంబములోని కణములందును భేదము కలదని 2025లో జెనీవాకడనున్న సెర్న్ వారు ప్రకటించిరి. తెలిసిన భేదములన్నియు కూడినను ఆ గింజకు చాలవు.

సెర్న్ వారు చేసిన ప్రతిపదార్థమంతయు పోగుచేసినను ఒక దీపము కొన్ని నిమిషములు వెలుగునంత. పాత్రలో పోయుటకు వీలులేదు. పాత్రయే పదార్థము గదా! శూన్యములో అయస్కాంతబలమున నిలుపుదురు. అట్లు 2011లో ప్రతిహైడ్రోజను పరమాణువులను వేయిసెకండ్లు నిలిపిరి. అవియు మన వస్తువులవలెనే క్రిందికి పడునని 2023లో తేల్చిరి. జపానుదేశమున సుకుబాలో బెల్-2 అను యంత్రముకడ కణములను, ప్రతికణములను కోట్లకొలది జంటలుగా పుట్టించి, ఏ జంటలో ఏది యెట్లు క్షయించెనో పద్దు వ్రాయుచున్నారు. ఆ పనిలో హైదరాబాదు ఐ.ఐ.టి. వారును కలరు.