జబ్బు పేరు తెలిస్తేనే సరైన వైద్యం

పెద్దవయసులో మతిమరుపు మామూలేనని మనం సరిపెట్టుకుంటాం. కూరలో ఉప్పు వేశామో లేదో మరచిపోవడం మామూలే. నలభై ఏళ్లుగా వండుతున్న కూర ఎలా వండాలో తోచకపోవడం మామూలు కాదు. అది మెదడు కణాలు క్రమంగా నశించే జబ్బు కావచ్చు. అలాంటి జబ్బుల వల్ల జ్ఞాపకం, ఆలోచన, మాట, నడత దెబ్బతిని, రోజువారీ పనులు కూడా చేసుకోలేని స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని అంచనా. అంటే ప్రతి 100 మందిలో ఏడుగురికి పైనే.

జ్వరం అన్నంత మాత్రాన అది మలేరియానో టైఫాయిడో తెలియదు. డిమెన్షియా కూడా అంతే. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ మొదట వివరించిన జబ్బులో సాధారణంగా ముందు జ్ఞాపకశక్తి తగ్గుతుంది. లూయీ బాడీ డిమెన్షియాలో ఎదుట లేని మనుషులు, జంతువులు ఉన్నట్టు కనిపిస్తాయి, ఒళ్లు బిగుసుకుంటుంది, నడక మందగిస్తుంది. ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియాలో ముందుగా స్వభావమో మాటతీరో మారుతుంది. ఇది తరచుగా 45 నుంచి 65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. పైకి కనిపించే లక్షణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఒకే మనిషికి రెండు జబ్బులు ఉండడమూ కద్దు.

ఇక్కడ పొరపాటు జరిగితే నష్టం చిన్నది కాదు. లూయీ బాడీ ఉన్నవారికి ఆ లేనిపోని దృశ్యాలు ఆగాలని హాలోపెరిడాల్ వంటి మందు ఇస్తే, ఒళ్లు మరింత బిగుసుకుపోయి ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందనుకుంటే అసలు వైద్యమే అందదు.

ఈ తేడాలు పట్టుకోవడంలో కృత్రిమ మేధ సాయపడగలదని ఇప్పుడు తెలుస్తోంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2025లో 'స్టేట్‌వ్యూయర్' అనే సాధనం వివరాలు ప్రచురించారు. ముందుగా రోగికి స్వల్ప రేడియోధార్మికత ఉన్న చక్కెర వంటి పదార్థాన్ని నరంలోకి ఎక్కించి పెట్ స్కాన్ తీస్తారు. మెదడుకు ముఖ్యమైన ఇంధనం చక్కెరే. బాగా పనిచేసే భాగాలు దాన్ని ఎక్కువగా తీసుకుంటాయి, దెబ్బతిన్నవి తక్కువగా తీసుకుంటాయి. అల్జీమర్స్‌లో జ్ఞాపకానికి సంబంధించిన భాగాలు, లూయీ బాడీలో ఏకాగ్రతకు, కదలికకు సంబంధించినవి, ఫ్రంటోటెంపోరల్‌లో మాటకు, నడతకు సంబంధించినవి మందగిస్తాయి.

అనుభవమున్న వైద్యుడు తాను చూసిన పాత రోగులను గుర్తు తెచ్చుకున్నట్లే, ఈ సాధనం కొత్త స్కాన్‌ను పాత స్కాన్‌లతో పోల్చి చూస్తుంది. 3,600కు పైగా స్కాన్‌లతో దీన్ని తయారుచేసి పరీక్షించారు. ఒక్క స్కాన్‌తో తొమ్మిది రకాల డిమెన్షియాలో ఏదో గుర్తించడంలో 88 శాతం సందర్భాల్లో సరైన జవాబిచ్చింది. దీని సాయంతో వైద్యులు స్కాన్‌లను దాదాపు రెట్టింపు వేగంతో చదవగలిగారు. ఏ భాగం దెబ్బతిన్నదో రంగుల్లో చూపిస్తుంది కాబట్టి, యంత్రం చెప్పింది నిజమో కాదో వైద్యుడు తన కళ్లతో సరిచూసుకోవచ్చు.

ఆ సరిచూసుకోవడం తప్పనిసరి. 88 శాతం సరైనదంటే, 100 మందిలో 12 మంది విషయంలో తప్పినట్టే. పైగా యంత్రం తనకు చూపించిన వాటినుంచే నేర్చుకుంటుంది. అమెరికా ఆసుపత్రిలో బాగా పనిచేసినది, మన దేశపు రోగుల మీద పరీక్షించకుండా ఇక్కడా అలాగే పనిచేస్తుందని చెప్పలేం. పెట్ స్కాన్ ఎక్కువగా నగరాల్లోనే దొరుకుతుంది, ఖర్చూ ఎక్కువే.

అన్నిటికంటే ముందు చేయవలసింది యంత్రంతో పనిలేనిది. బి12 లోపం, థైరాయిడ్ సమస్య, మానసిక కుంగుబాటు కూడా మతిమరుపు తెస్తాయి. మామూలు రక్తపరీక్షతోనో, వైద్యుడు ఓపికగా మాట్లాడడంతోనో ఇవి బయటపడతాయి, చికిత్సకు లొంగుతాయి. ఆ పరీక్షలు చేయకుండా ఎవరికీ డిమెన్షియా ముద్ర వేయకూడదు.

జబ్బు ఏదో తొందరగా తెలిస్తే ఏం లాభమని కొందరు అడుగుతారు. లెకానెమాబ్ (2023), డొనానెమాబ్ (2024) మందులకు అమెరికాలో పూర్తి అనుమతి వచ్చింది. ఇవి అల్జీమర్స్ తొలిదశలోనే పనికొస్తాయి. జబ్బును నయం చేయవు, దాని వేగాన్ని కొంత తగ్గిస్తాయి. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం కూడా ఉంది కాబట్టి మధ్యమధ్య ఎమ్మారై తీస్తూ ఉండాలి. వేరే జబ్బు ఉన్నవారికి ఈ మందులు ఇస్తే లాభం ఉండదు, ప్రమాదం మాత్రం మిగులుతుంది.

మందు లేని చోట కూడా పేరు తెలియడం మేలే చేస్తుంది. తండ్రి కోపం కావాలని చేస్తున్నది కాదని, అది జబ్బు లక్షణమని తెలిసిన కొడుకు ఆయన్ను కసరడు. ఆస్తి పత్రాలు, వైద్యం గురించి ఆ పెద్దాయన మాట చెప్పగలిగినప్పుడే అడిగి తెలుసుకోవచ్చు.

అందుకే ఇంట్లో పెద్దల తీరులో కొన్ని నెలలుగా మార్పు కనిపిస్తుంటే దాచిపెట్టవద్దు. ఏం మారింది, ఎప్పటినుంచి మారింది అన్నది కాగితం మీద రాసుకుని నరాల వైద్యుని దగ్గరకు తీసుకెళ్దాం. మన సంఘంలో అలాంటి ఇల్లు ఉంటే, ఒక పూట ఆ పెద్దవారి దగ్గర కూర్చుని, రాత్రింబవళ్లు చూసుకుంటున్నవారికి కాస్త విశ్రాంతి ఇద్దాం. యంత్రం జబ్బు పేరు చెప్పగలదు. అన్నం కలిపి తినిపించే పని మనదే.